ఏడు నిమిషాల నాన్న

పోయిన వారం నేనొక అబద్ధం చెప్పి బహుమతి తెచ్చుకున్నాను. పెద్ద బహుమతేం కాదు, ఒక రిబ్బన్, దాని మీద 'ఉత్తమ వక్త' అని బంగారు రంగు అక్షరాలు. ఆ అబద్ధం కూడా కావాలని మొదలుపెట్టింది కాదు, ఏళ్ల తరబడి నిజమనుకునే చెప్పుకుంటూ వచ్చాను. కానీ గురువారం సాయంత్రం పదిమంది ముందు నిలబడేసరికి అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. చప్పట్లు కొడుతుంటే మొహం చేటంత చేసుకుని నవ్వాను కూడా.

అసలు వారం ఎలా మొదలైందంటే, ఆఫీసులో మిగిలిపోయిన సెలవులు వాడకపోతే పోతాయన్నారు. ఆ మాట అమ్మకి చెప్పడమే నేను చేసిన పొరపాటు. "చుట్టాలు నీ మొహం మర్చిపోయారే, ఒక్కసారి అందరిళ్లకీ వెళ్లొద్దాం" అంది, అని ఊరుకోకుండా అప్పటికప్పుడు ఫోన్లు చేసేసింది. ఏడు రోజుల్లో ఐదిళ్లు. గురువారం సాయంత్రం మా స్పీచ్ క్లబ్బులో నా వంతు ఉంది, అది మాత్రం మానలేనని ముందే ఖరాఖండిగా చెప్పాను. అమ్మ దాన్ని "మీ మాటల క్లాసు" అంటుంది. "పుట్టినప్పట్నుంచీ వాగుతూనే ఉన్నావు, మళ్లీ క్లాసెందుకు" అని కూడా అంటుంది.

ఇంట్లో వాగడం వేరు, లేచి నిలబడి మాట్లాడటం వేరు. ఆఫీసులో నలుగురి ముందు రెండు ముక్కలు చెప్పాల్సొస్తే నాకు గొంతు ఎండిపోయేది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రెండేళ్ల కిందట ఒక మీటింగులో నేను చేసిన పనిని నా పక్కనున్నాయన లేచి తనే చేసినట్టు చక్కగా వివరించేశాడు, నేను అలా చూస్తూ కూర్చున్నాను. ఆ వారమే క్లబ్బులో చేరాను.

ఈ క్లబ్బుల పద్ధతి పాతదే. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన కొంతమందిని కూర్చోబెట్టి మొదలుపెట్టిన సమావేశమే పెరిగి పెరిగి టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్ అయింది. మాది ఆ సంస్థ శాఖ కాదు, ఆ పద్ధతి అరువు తెచ్చుకుని నడుపుకుంటున్న చిన్న గుంపు. పాతికమందిమి ఉంటాం, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా మాట్లాడొచ్చు. తయారై వచ్చి ఇచ్చే ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. 5 నిమిషాలకి పచ్చ లైటు, 6కి పసుపు, 7కి ఎరుపు, ఆ పైన ఇంకో 30 సెకన్లు దయతలుస్తారు. ఒకరు టైము చూస్తారు. ఒకరు భాష చూస్తారు. ఒకరు కాగితం ముందేసుకుని నువ్వు ఎన్నిసార్లు "ఆఁ" అన్నావో, ఎన్నిసార్లు "అంటే" అన్నావో, ఎన్నిసార్లు "యాక్చువల్లీ" అన్నావో గీతలు గీస్తూ కూర్చుంటారు. ఇంకొకరు మొత్తం శ్రద్ధగా విని, ఏది బాగుందో ఏది దిద్దుకోవాలో రెండు మూడు నిమిషాల్లో చెబుతారు. ఆ చెప్పినవాళ్లు ఎలా చెప్పారో చెప్పడానికి మళ్లీ ఒకరు. ఒక మనిషి ఏడు నిమిషాలు మాట్లాడితే ఇంతమంది కాపలా. నాకు ఇదంతా చాలా ఇష్టం, ముందే చెప్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నాను.

నా ప్రసంగం పేరు 'నాన్న మాట'. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన మాట్లాడటమే తక్కువ, నాతో మాట్లాడినవన్నీ రాస్తే ఒక నోట్‌బుక్ నిండదేమో. అలాంటి మనిషి ఒక్కసారి ఒక్క మాట అన్నారు, అది నన్ను నిలబెట్టింది. ఇదీ ప్రసంగం.

1994లో నేను పరీక్ష తప్పాను. నోటీసు బోర్డులో నెంబరు లేదు. ఇంటికెళ్లే ధైర్యం లేక బస్‌స్టాప్‌లో బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చున్నాను, వచ్చిన బస్సునల్లా ఎక్కకుండా పంపించేశాను. అప్పుడు నాన్న స్కూటర్ మీద వచ్చారు. ఇంజన్ ఆపలేదు. ఒక కాలు నేలకి ఆనించి, నా మొహంలోకి సరిగ్గా చూడకుండానే, "తప్పింది పరీక్షేగా. నువ్వేం తప్పిపోలేదుగా. పద ఇంటికి" అన్నారు. నేను ఎక్కి కూర్చున్నాను. దారంతా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

దీన్ని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకి చెప్పాను. ఆఫీసులో జూనియర్ పిల్లలు ఎవరైనా డీలా పడి కూర్చుంటే చెప్పాను. ప్రసంగం కోసమైతే నాలుగు వారాలు ప్రాక్టీసు చేశాను, అద్దం ముందు, కారులో, స్నానాల గదిలో. "తప్పింది పరీక్షేగా" అన్నాక మూడు లెక్కపెట్టుకుని అప్పుడు "నువ్వేం తప్పిపోలేదుగా" అనాలి. రెండు లెక్కపెడితే తేలిపోతోంది, నాలుగైతే నాటకంలా ఉంటోంది. మూడు.

సోమవారం పెద్దమ్మ వాళ్లింట్లో పదకొండు మందిమి పోగయ్యాం. మా ఇళ్లలో మాట్లాడుకోవడాన్ని సంభాషణ అనలేం, అది ఒక రకం తొక్కిసలాట. 2009లో కొందరు భాషా పరిశోధకులు పది భాషల్లో మామూలు కబుర్లు రికార్డు చేసి, అవును-కాదు ప్రశ్న అడిగాక జవాబు మొదలవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. సగటున సెకనులో ఐదో వంతు. బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటేనే మనిషికి అర సెకను దాటుతుంది కాబట్టి, ఎదుటివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మనం మన జవాబు వండుకుంటున్నాం అన్నమాట. ఆ పది భాషల్లో తెలుగు లేదు. ఉంటే, అందులోనూ మా పెద్దమ్మ వాళ్ల హాలు ఉంటే, జవాబు ప్రశ్నకి ముందే వచ్చేస్తోందని రాసుకునేవాళ్లు.

ఆ గోలలో అమ్మ గర్వంగా "గురువారం ఇది వాళ్ల నాన్న గురించి మాట్లాడుతుందట" అంది. అందరూ ఏం మాట్లాడతావని అడిగారు. బస్‌స్టాప్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. మూలన కుర్చీలో బాబాయి ఉన్నాడు, నాన్న తమ్ముడు. బాబాయికి మాట కొంచెం నెమ్మది. నత్తి కాదు, మాటకీ మాటకీ మధ్య చాలా దూరం. "అంటే… ఆ రోజూ… అదేంటంటే…" అని మొదలుపెట్టాడు. ఈలోపు పెద్దమ్మ కొడుకు తను పరీక్ష తప్పినప్పుడు ఎవరు ఎలా కొట్టారో ఎత్తుకున్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బాబాయి నోరు అలాగే కాస్త తెరిచి ఉంది, తర్వాత మూసుకుంది. నేను చూశాను. చూసి కూడా మళ్లీ పెద్దమ్మ కొడుకు వైపే తిరిగాను.

మంగళవారం అత్తయ్య వాళ్లింటికి. అత్తయ్యకి మాట ఆలస్యమనేది తెలీదు. నేను ఇంకా "స్కూటర్ మీద వచ్చి" దగ్గర ఉండగానే "స్కూటరేంటే?" అంది.

"నాన్న స్కూటర్ అత్తయ్యా."

"మీ నాన్న స్కూటర్ కొన్నది నీకు ఉద్యోగం వచ్చాక కదే! నువ్వు పరీక్ష తప్పినప్పుడు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. బస్‌స్టాప్‌కి వచ్చింది మీ బాబాయి, సైకిల్ మీద. మీ నాన్న వరండాలో కుర్చీలో కూర్చున్నాడు, లేస్తే ఒట్టు."

నేను కాదన్నాను. అత్తయ్య లోపలికెళ్లి ఆల్బమ్ పట్టుకొచ్చింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, గోటితో విడదీసింది. కొత్త స్కూటర్ పక్కన నాన్న, సీటు మీద ఇంకా ప్లాస్టిక్ కవరు. ఫోటో బయటికి తీసి వెనక్కి తిప్పింది. వెలిసిపోయిన నీలం సిరాతో మామయ్య చేతిరాత: 'కొత్త బండి, 1999'. అయిదేళ్ల తేడా. ఇక అక్కడ వాదించడానికేం మిగల్లేదు. అమ్మ వైపు చూస్తే, "ఏమోనే, నేను లోపల గదిలో ఏడుస్తూ కూర్చున్నా, ఎవరొచ్చారో ఎవరెళ్లారో" అంది.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నాకు ఆ స్కూటర్ హెడ్‌లైటు కనిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రి ఆలస్యమైతే నాన్న అదే బస్‌స్టాప్‌కి స్కూటర్ మీద వచ్చేవారు, అలాగే ఇంజన్ ఆపకుండా, ఒక కాలు నేలకి ఆనించి. ఆ రాత్రుళ్లు పరీక్ష తప్పిన సాయంత్రంలోకి ఎప్పుడో చొరబడ్డాయి. 1986 జనవరిలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయినప్పుడు, ఆ వార్త ఎక్కడుండగా ఎలా విన్నారో రాయమని అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మర్నాడే కాలేజీ పిల్లల చేత రాయించుకున్నాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత అందులో 44 మందిని పిలిచి మళ్లీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పినదానికీ అప్పుడు రాసినదానికీ పొంతనే లేదు. తమాషా ఏంటంటే వాళ్ల నమ్మకం చెక్కు చెదరలేదు. సొంత చేతిరాత చూపించినా ఒప్పుకోలేకపోయినవాళ్లు ఉన్నారు. ఇది నేను ఎప్పుడో చదివి, భలే మనుషులు అని నవ్వుకున్నాను.

బుధవారం ఇంకో మామయ్య వాళ్లింట్లో ఒళ్లు అక్కడ, మనసు ప్రసంగం మీద. ఉన్నంతసేపూ మనసులో నాన్న తీసేసి బాబాయిని పెట్టి చూస్తున్నాను. స్కూటర్ తీసేసి సైకిల్ పెట్టడం సులువే, ఇంజన్ శబ్దం ఒక్కటి పోతుంది. కానీ బాబాయి ఆ మాట అంటే ప్రసంగం నిలబడటం లేదు. బాబాయి అలాంటి మాటలు అనే మనిషే. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే మందు రాసింది బాబాయి, పుస్తకాలకి అట్టలు వేసింది బాబాయి. మెత్తని మనిషి మెత్తని మాట అంటే అందులో చప్పట్లకి ఏముంది? మాట్లాడని తండ్రి నోరు విప్పితేనే కథ. అంటే నా ప్రసంగానికి కావాల్సింది ఆ రోజు నా కోసం వచ్చిన మనిషి కాదు, రాని మనిషి. ఈ సంగతి అర్థమయ్యాక సిగ్గేసింది, సిగ్గుపడుతూనే పాత ప్రసంగాన్ని ఇంకోసారి వల్లెవేసుకుని పడుకున్నాను. నాలుగు వారాల ప్రాక్టీసు, ఒక్క రాత్రిలో ఎలా మారుస్తాం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

గురువారం 6 నిమిషాల 42 సెకన్లు. ఊతపదాలు సున్నా. నేను చేరాక నాకు సున్నా రావడం అదే మొదటిసారి, ఆ గీతల కాగితం పట్టుకున్నాయన నా పేరు పక్కన గుండ్రంగా సున్నా చుట్టి పైకెత్తి అందరికీ చూపించాడు. నా ప్రసంగాన్ని విశ్లేషించినావిడ "ఆ పాజ్ అద్భుతం, మీ నాన్నగారు కళ్ల ముందు కనిపించారు" అంది. వెనక వరసలో ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంది, అయిపోయాక నా దగ్గరికొచ్చి ఈ రాత్రికి నాన్నకి ఫోన్ చేస్తానండీ అంది. రిబ్బన్ ఇచ్చారు.

దీంట్లో ఎవరికి నష్టం అని మీరు అడగొచ్చు. మా ఆయనా అదే అడిగాడు. ఒక అమ్మాయి వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది, మంచిదేగా, నీతి ముఖ్యం గానీ సైకిలా స్కూటరా ఎవడికి కావాలి అన్నాడు. కథ అని చెప్పి చెబితే ఎవడికీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ నేను కథ అని చెప్పలేదు. "ఇది నాకు జరిగింది" అనే మొదలుపెట్టాను, ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది ఆ మాట మీద నమ్మకంతో. పైగా నష్టపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు, మూలన కుర్చీలో, నోరు కాస్త తెరుచుకుని.

ఇప్పుడు తిట్లు. ఈ క్లబ్బుల్లో అందరం ఒకరికొకరం ఇచ్చుకునే మొట్టమొదటి సలహా, సొంత అనుభవం చెప్పండి అని. మంచి సలహానే. కానీ ఏడు నిమిషాల్లో పట్టాలి, మొదట్లో ఆకట్టుకోవాలి, చివర్లో ఒక పాఠం ఉండాలి అనేసరికి అనుభవానికి కత్తెర పడుతుంది. అందరి ఇళ్లలోంచీ ఒకే రకం మనుషులు బయటికొస్తారు: గంభీరమైన నాన్న, త్యాగాల అమ్మ, చనిపోయే ముందు ఒక్క మంచి మాట చెప్పే అమ్మమ్మ. రెండేళ్లలో మా క్లబ్బులో నేను విన్న అమ్మమ్మల్లో ఒక్కరు కూడా పిచ్చి మాట మాట్లాడినవాళ్లు లేరు. నా అమ్మమ్మ రోజుకి పాతిక మాట్లాడేది. ఇంతమంది కాపలా ఉన్నారని చెప్పానే, టైముకొకరు, భాషకొకరు, ఊతపదాలకొకరు, వాళ్లలో ఒక్కరి కాగితం మీదా "ఇది నిజంగా ఇలాగే జరిగిందా" అనే గడి లేదు. వాళ్లు అక్కడ లేరు కాబట్టి అడగలేరు, అదీ నిజమే. అలవాటు మాత్రం మనకి అంటుకుంటుంది. బాగా చెప్పడం ఒకటే కొలత అయిపోయాక, బాగా చెప్పడానికి అడ్డొచ్చేదాన్ని చెయ్యి దానంతటదే పక్కకి నెట్టేస్తుంది.

(నిజానికి ఈ క్లబ్బుల చరిత్రలోనే ఒక మంచి అబద్ధం ఉంది. టోస్ట్‌మాస్టర్స్‌లో 1973 దాకా ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడని 1970లో ఒక క్లబ్బు 'హోమర్' అని మగపేరు రాసి చేర్చుకుంది. 1985లో ఆవిడే ఆ మొత్తం సంస్థకి తొలి మహిళా అధ్యక్షురాలైంది. ఆ అబద్ధం ఒక గోడ దాటడానికి. నాది రిబ్బన్‌కి.)

శుక్రవారం అక్క వాళ్లింట్లో పిల్లల గొడవ తప్ప చెప్పుకోవాల్సిందేం జరగలేదు. రాత్రి నిద్ర పట్టక ఫోన్లో పాత ప్రాక్టీసు రికార్డింగులు తీశాను. తుడిచేద్దామనే తీశాను. అన్నిటికన్నా మొదటిది, నాలుగు వారాల కిందటిది, 11 నిమిషాలుంది, నిండా తడబాటే. బస్‌స్టాప్ దగ్గరికొచ్చేసరికి నా గొంతు ఇలా ఉంది: "చీకటి పడింది… అప్పుడు నాన్న… అంటే… స్కూటర్ మీద… ఆఁ… స్కూటరే అనుకుంటా… స్కూటర్ మీద వచ్చారు." వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. రెండో రికార్డింగులో "అంటే" ఉంది, "అనుకుంటా" లేదు. మూడో దాంట్లో ఏదీ లేదు. మూడో దాంట్లో స్కూటర్ ఝామ్మని వచ్చేసింది.

అంటే నాకు ఎక్కడో అనుమానం ఉంది. ఆ అనుమానం "అంటే" రూపంలో వచ్చి తలుపు కొట్టింది, ఊతపదం కదా అని నేను దాన్ని తరిమేశాను. అసలు తెలుగులో ఎంత మంచి పేరు పెట్టారో చూడండి, ఊతపదం. కాలు తడబడే చోట ఊత కావాలి, తడబడుతున్నావంటే అక్కడ నేల సరిగ్గా లేదని. హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అని ఇద్దరు పరిశోధకులు 2002లో ఇంగ్లీషువాళ్ల "అహ్"నీ "అమ్"నీ పట్టుకుని చూస్తే, చిన్న ఆలస్యానికి మొదటిది, పెద్ద ఆలస్యానికి రెండోది వాడుతున్నారని తేలింది, కాబట్టి అవి చెత్త కాదు, అవీ మాటలే, ఆగు వస్తున్నా అని ఎదుటివాళ్లకి చెప్పే మాటలు అన్నారు. మన "అంటే" ఇంకో మెట్టు పైన. చెప్పినదాన్ని విడమర్చడానికీ అదే, దిద్దుకోవడానికీ అదే, ఇప్పుడు చెప్పింది సరిగ్గా లేదు ఆగండి అనడానికీ అదే. ప్రతి రెండో మాటా "అంటే" అయితే వినేవాళ్లకి విసుగే, ఆఫీసు మీటింగులో నన్ను ముంచింది సగం అదే, దాని మీద నాకేం భ్రమల్లేవు. కానీ సున్నా వచ్చిన రోజు మాత్రం గర్వపడకూడదని ఇప్పుడు అనిపిస్తోంది. నాకు వచ్చిన ఒకే ఒక్క సున్నా నేను తెలిసి అబద్ధమాడిన రోజున వచ్చింది.

ఇదంతా విని, చూశావా మన ఇళ్లే నయం, అక్కడ నిజం బయటపడుతుంది అనుకుంటే అదీ కుదరదు. మా ఇంట్లో నిజం ముప్పై ఏళ్లుగా ఉంది. అది బాబాయి దగ్గర ఉంది, బాబాయి చెప్పబోయిన ప్రతిసారీ మేం ఆయన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయాం. అత్తయ్యకి గొంతు ఉంది కాబట్టి అత్తయ్య నిజం గెలిచింది, ఆల్బమ్ సాక్ష్యం కూడా తోడైంది. గొంతు లేనివాడికి ఇంట్లో వంతు రాదు. క్లబ్బులో అయితే ఎంత నెమ్మది మనిషికైనా వంతు వస్తుంది, అది రాసి పెట్టి ఉంటుంది. నాకు దొరికిన చిక్కు ఇదే: ఒక చోట వంతు ఉంది, నిజానిజాల లెక్క లేదు. ఇంకో చోట తప్పు పట్టుకునేవాళ్లకి కొదవ లేదు, వంతు లేదు.

శనివారం బాబాయి వాళ్లింటికి. పిన్ని రాగానే "వీడియో ఉందటగా, చూపించు" అంది. నేను ముందు బాబాయితో మాట్లాడాలన్నాను. బాల్కనీలో ఎదురెదురుగా కూర్చున్నాం. బస్‌స్టాప్‌కి వచ్చింది నువ్వేనటగా బాబాయ్ అన్నాను. అని నోరు మూసుకున్నాను. క్లబ్బులో విశ్లేషణ నా వంతు వచ్చినప్పుడు ఎలా కూర్చుంటానో అలా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏదీ అందించకుండా, మనిషి ముగించేదాకా. చెప్పడానికి సులువు గానీ ఆ నిశ్శబ్దం భరించడం చాలా కష్టం. మూడు లెక్కపెట్టడం నాకు అలవాటు, మూడు దాటింది, ఏడు దాటింది. పది దగ్గర "సైకిలేగా" అని నోటిదాకా వచ్చింది, పళ్లు బిగించాను.

"అంటే…" అన్నాడు. మళ్లీ ఆగాడు. "నేనే వచ్చా. కానీ… అన్నయ్యే పంపాడు. అప్పటికే రెండుసార్లు గేటు దాకా వెళ్లొచ్చాడు… నన్ను పిలిచి… వెళ్లి తీసుకురారా, తప్పింది పరీక్షేగా అని చెప్పు… అన్నాడు. ఆ రెండో ముక్క… తప్పిపోలేదుగా అన్నది… అదీ… అది నేనే అన్నాననుకుంటా. నువ్వు అలా కూర్చుని ఉంటే… తప్పిపోయిన పిల్లలా… అంటే… అలా వచ్చేసింది."

గుమ్మంలో నిలబడి వింటున్న పిన్ని "ఏం కాదు, మొత్తం ఈయనే అని ఉంటారు. వాళ్లన్నయ్యని వెనకేసుకురావడం ఈయనకి మొదట్నుంచీ ఉన్నదే" అంది. బాబాయి అవుననలేదు, కాదనలేదు. అదే నిజమైనా నాకు ఆశ్చర్యం లేదు. తేల్చడానికి దీనికి ఆల్బమ్ కూడా లేదు. గేటు దాకా రెండుసార్లు వెళ్లొచ్చిన నాన్న మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. వచ్చే నెల నా వంతు వచ్చినప్పుడు ఇది మొదటి నుంచి మళ్లీ చెప్తానని క్లబ్బులో అడిగాను, రిబ్బన్ వచ్చిన ప్రసంగాన్ని మళ్లీ ఎందుకండీ అని వాళ్లు విచిత్రంగా చూశారు.

రిబ్బన్ సంచిలోనే ఉంది, తీసి బాబాయి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బొటనవేలితో నిమురుతూ అక్షరాలు చదివాడు, తిరగేసి వెనక ఏమైనా ఉందా అని చూశాడు. ఒకసారి మా క్లబ్బుకి రారాదూ బాబాయ్, కొత్తవాళ్లు కూడా మాట్లాడొచ్చు అన్నాను. "నాకెందుకే" అని నవ్వాడు. లైట్ల సంగతి చెప్పాను, పచ్చ, పసుపు, ఎరుపు. విన్నాడు. రిబ్బన్ మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు.

"ఏడు నిమిషాలా?" అన్నాడు కాసేపటికి. "ఏడు నిమిషాలూ… మధ్యలో ఎవరూ… మాట్లాడరా?"